ఒరెగాన్‌లో ఒక మద్రాస్: యూనివర్సిటీ తీర్చాల్సిన పాత బాకీ

ఈ ఎపిసోడ్ మద్రాస్ గురించి. చెన్నై అనుకునేరు, కాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో మద్రాస్ అని ఒక చిన్న ఊరుంది. మన తీరం పేరుతో అమ్ముడుపోయిన మద్రాస్ గుడ్డ తాను చూసి ఆ పేరు పెట్టారని అక్కడివాళ్లు చెబుతారు. ఊరి చుట్టూ పొలాలు. పక్కనే వార్మ్ స్ప్రింగ్స్ ఆదివాసీల రిజర్వేషన్. ఊరి బడుల్లో తెల్లవాళ్ల పిల్లలు, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, ఆదివాసీ పిల్లలు కలిసి చదువుతారు.

ఇలాంటి ఊళ్లలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 'హుంతోస్' అనే ప్రోగ్రామ్ నడుపుతోంది. స్పానిష్‌లో ఆ మాటకి 'కలిసి' అని అర్థం. 2007లో నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీలో మొదలైంది, 2012లో ఒరెగాన్‌కి వచ్చింది. పిల్లల్ని మాత్రమే పిలవరు, అమ్మానాన్నల్ని కూడా పిలుస్తారు. సాయంత్రం పని అయ్యాక క్లాసు. భోజనం పెడతారు, చంటిపిల్లల్ని చూసుకుంటారు. కాలేజీకి అప్లై చేయడం ఎలా, ఫీజుకి సాయం ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ వాళ్ల భాషలోనే చెబుతారు.

చూడగానే, అబ్బా, ఎంత మంచి మనసో అనిపిస్తుంది కదా? కానీ చరిత్ర తిరగేస్తే లెక్క వేరేగా కనిపిస్తుంది.

1862లో అబ్రహాం లింకన్ మోరిల్ చట్టం మీద సంతకం పెట్టాడు. కాలేజీలు పెట్టడానికి రాష్ట్రాలకి భూమి ఇచ్చే చట్టం అది. ఒక్కో సెనేటర్‌కి, ఒక్కో ప్రతినిధికి 30,000 ఎకరాల చొప్పున లెక్కకట్టారు. అప్పట్లో ఒరెగాన్‌కి ముగ్గురే, అంటే 90,000 ఎకరాలు. ఆ భూమి అమ్మగా వచ్చిన డబ్బు కాలేజీకి మూలధనం. మరి ఆ భూమి ఎవరిది? ఒరెగాన్‌కి దక్కిన దాంట్లో క్లమత్ ఆదివాసీల నేల ఉంది. దేశమంతా కలిపితే దాదాపు 250 తెగల నుంచి తీసుకున్న సుమారు 1.07 కోట్ల ఎకరాలు ఇలా యూనివర్సిటీల ఖాతాలోకి వెళ్లాయి. వార్మ్ స్ప్రింగ్స్ వాళ్ల సంగతి చూడండి: 1855 ఒప్పందంలో కోటి ఎకరాల దాకా వదులుకున్నారు, మిగిలింది సుమారు 6.4 లక్షలు.

తర్వాత 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చింది. యూనివర్సిటీలో తేలిన విషయాన్ని పొలం దాకా తీసుకెళ్లే ఎక్స్‌టెన్షన్ సర్వీస్ దేశమంతా పుట్టింది. ఈ పద్ధతి మనకీ తెలిసిందే. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ యూనివర్సిటీ పెట్టినప్పుడు ఇదే మోడల్, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ చేయి కలిపింది.

ఇక రెండో ప్రపంచ యుద్ధం. మగాళ్లు సైన్యానికి పోయారు, పంట కోసే మనిషి లేడు. 1942లో మెక్సికోతో ఒప్పందం కుదిరింది. 'బ్రసేరో'లు అనే కూలీలు వచ్చారు, యుద్ధకాలంలో ఒక్క ఒరెగాన్‌కే 15,000 మంది దాకా. 1943 నుంచి 1947 వరకు అక్కడ వ్యవసాయ కూలీల ఏర్పాట్లు చూసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆ కాలేజీ ఎక్స్‌టెన్షన్ సర్వీసే! అప్పుడు వాళ్లని పొలానికి పంపిన సంస్థే, సుమారు 65 ఏళ్ల తర్వాత అలాంటి కుటుంబాల పిల్లల్ని క్లాస్‌రూమ్‌కి రమ్మంటోంది.

అందుకే దీన్ని దానం అనడానికి నాకు నోరు రాదు. ఒకరి నేల, ఇంకొకరి చెమట. ఇది బాకీ. తీరుతోంది కానీ చాలా నెమ్మదిగా. ఆదివాసీలు సొంతంగా నడుపుకునే 29 కాలేజీలకి ల్యాండ్ గ్రాంట్ హోదా దక్కింది 1994లో, అంటే మోరిల్ చట్టం వచ్చిన 132 ఏళ్లకి. ఒరెగాన్‌లోని తొమ్మిది గుర్తింపు పొందిన తెగల విద్యార్థులకి కాలేజీ ఖర్చు భరించే గ్రాంట్‌ని రాష్ట్రం 2022లో మొదలుపెట్టింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మెక్సికో నుంచి వచ్చినవాళ్లందరి మాతృభాషా స్పానిష్ కాదు. ఒహాకా నుంచి వచ్చిన మిష్టెక్, జపొటెక్ కుటుంబాలకి అది రెండో భాష. ఉత్తరాదిలో మనందరినీ 'మద్రాసీ' అని ఒకే గాటన కట్టేవాళ్లు చూడండి, అలాంటిదే. స్పానిష్‌లో పాంప్లెట్ కొట్టించి చేతులు దులుపుకుంటే, ఆ తల్లికి సగమే అందుతుంది.

మన దగ్గరా వ్యవసాయ శాఖ మీటింగ్ అంటే పట్టా ఉన్న రైతుకే ముందు కుర్చీ. కౌలు రైతు వెనకాల, కూలీ అసలు కనిపించడు. ఈసారి ఏ యూనివర్సిటీ అయినా 'ఊరికి సేవ' అంటే రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరి నేల మీద కట్టారు? మీటింగ్‌కి ఎవరిని పిలవలేదు?

మీ ఊళ్లో ఎలా ఉందో కామెంట్స్‌లో రాయండి.