అరుగు మీది బడి

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఒక పని అప్పగించాడు. జిల్లాలో బళ్లెన్ని, చదివే పిల్లలెందరు, వాళ్లవి ఏ కులాలు, ఏం చదువుతున్నారు, అన్నీ లెక్క తీసి పంపమన్నాడు. నాలుగేళ్లకు ఆ లెక్కలన్నీ ఒకచోట చేరాయి. కోటీ ఇరవై ఎనిమిది లక్షల జనాభా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బళ్లు, 1,88,650 మంది పిల్లలు తేలారు. సగటున బడికి పదిహేను మంది! మన పెద్దలు వీధిబడి అన్నది ఇలాంటి బడినే. ఓ ఇంటి ముందు అరుగో, గుడి మండపమో, చెట్టు నీడో ఉంటే చాలు. అయ్యవారు ఎక్కడ కూర్చుంటే అక్కడే బడి.

వచ్చిన నివేదికల్లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి ఆయన. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. అక్కడి 533 బళ్లలో తెలుగువి 226. లెక్కతో సరిపెట్టకుండా, ఆ అరుగు మీద రోజు ఎలా గడిచేదో కూడా రాశాడాయన.

బడి పొద్దున్నే ఆరింటికి మొదలు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చేవాడికల్లా ఒక్కో దెబ్బ ఎక్కువ. చదవని పిల్లలకు గుంజీళ్లు తప్పేవి కావు. రెండు చేతులూ తాడుతో కట్టి దూలానికి వేలాడదీసే కోదండమూ ఉండేది.

అక్షరాలు ముందు ఇసుకలో వేలితో దిద్దాలి. చెయ్యి తిరిగాక తాటాకు, గంటం. ఆ సీమలో ఎక్కువగా వాడింది మాత్రం పలక, కడితం. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు చెక్కను నున్నగా చిత్రికపట్టి, అన్నమూ బొగ్గుపొడీ పూస్తే పలక తయారు. గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గు, జిగురు కలిపి పట్టిస్తే కడితం. దాని మీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ రాసుకోవచ్చు.

నాలుగు తరగతుల పిల్లల్ని ఒకే అయ్యవారు సంభాళించడానికి కిటుకు ఒకటుంది. పెద్ద పిల్లలు చిన్నవాళ్ల చేత దిద్దించేవారు. చెప్పేకొద్దీ వాళ్ల చదువూ గట్టిపడేది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లల చేతే చిన్నవాళ్లకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో వేలమంది పేదపిల్లలు చదువుకున్న బళ్లకు ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరు అలా వచ్చింది.

అయితే ఈ అరుగు అందరిదీ కాదు. బళ్లారి జిల్లా బళ్లలో చదివే 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మందే. అంటరానివారని ఊరు దూరం పెట్టిన కులాల పిల్లలకు అక్కడ చోటు దొరకడం బహు అరుదు. పద్యం నోటికి వచ్చేది గానీ, అర్థం తెలిసేది కాదని క్యాంప్‌బెల్ కూడా నొచ్చుకున్నాడు. ఆ బళ్లు అప్పటికే చితికిపోతున్నాయనీ రాశాడు. విదేశీ బట్టలు వచ్చిపడి నేతగాళ్ల బతుకు దెబ్బతింది. తిండికే కరువైన ఊళ్లు అయ్యవారిని ఎలా పోషిస్తాయి?

ఇలాంటి పల్లెబళ్లకు సర్కారు చెయ్యి అందించడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1850లలో అప్పటి రాజమండ్రి జిల్లా నరసాపురం ప్రాంతంలో రైతులు శిస్తుతోపాటు బడికి కొంత చెల్లించే పద్ధతిని సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ నడిపాడు. తర్వాత గ్రాంట్లు, ఇన్‌స్పెక్టర్లు, స్థానిక బోర్డులు వచ్చాయి. అరుగు పోయి గది వచ్చింది. అయ్యవారు మాత్రం చాలా ఊళ్లలో ఒక్కరే మిగిలారు.

1987లో మొదలైన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలంది. 2009 విద్యాహక్కు చట్టం అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉండాల్సిందేనని రాసింది. అయినా 2024–25 కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో దేశమంతటా ఏకోపాధ్యాయ బళ్లు లక్ష దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లోనే 12 వేలకు పైగా ఉన్నాయి, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ.

ఒక్క టీచరు ఐదు తరగతులకూ పాఠం చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూసుకోవాలి, రిజిస్టర్లు నింపాలి. ఆ టీచరు సెలవు పెడితే ఆ రోజు ఊరికి బడి లేనట్టే. దూరమైన తండాకో గూడేనికో చిన్న బడి ఉండటం తప్పు కాదు, దాన్ని మూసేయడం మందూ కాదు. అక్కడికి రెండో టీచర్ని పంపాలి. చట్టం ఇప్పటికే ఇచ్చిన మాట అది.