శాంటోరినీ: వదిలి వెళ్లినవాళ్ల దీవి

శాంటోరినీ ఫొటోలు మీరందరూ చూసే ఉంటారు. తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు, కింద సముద్రం. లండన్ నుంచి విమానంలో నాలుగు గంటలే కాబట్టి పిల్లల సెలవులకి వెళ్లొచ్చినవాళ్లూ మనలో ఉన్నారు. కానీ ఆ ఇళ్లు కట్టుకున్నది అగ్నిపర్వతం నోటి అంచు మీద అన్న సంగతి ఫొటోలో తెలియదు. ఆ అంచు మీద బతికినవాళ్లు ఎన్నిసార్లు ఊరు వదలాల్సి వచ్చిందో అసలే తెలియదు.

సుమారు 3,600 ఏళ్ల కిందట ఆ పర్వతం పేలింది. దీవి మధ్యభాగం కుప్పకూలి సముద్రం నిండిపోయింది. మిగిలిన అంచు ముక్కలే ఇవాళ్టి థీరా, థిరాసియా, చిన్న అస్ప్రోనిసి. థీరానే మనం శాంటోరినీ అంటున్నాం. నీళ్ల మీంచి 300 మీటర్ల ఎత్తున నిలువుగా లేచిన కొండచరియ మీద ఫిరా, ఓయా ఊళ్లున్నాయి. నడిమధ్యన ఉన్న నల్లటి నేయా కమేని లావాతో తర్వాత పుట్టిన దీవి. అది చివరిసారి 1950లో పేలింది.

పేలుడుకి ముందు దక్షిణాన అక్రోతిరి అనే పట్నం ఉండేది. బూడిద కింద పడి ఉన్న దాన్ని 1967లో మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వడం మొదలుపెట్టాడు. రెండు మూడు అంతస్తుల ఇళ్లు, వీధి కింద మురుగు కాలువ, మేడ మీద మరుగుదొడ్డి! జాడీల్లో తిండిగింజలు అలాగే ఉన్నాయి. మనుషుల శవాలు మాత్రం దొరకలేదు. బంగారం కూడా దాదాపు లేదు. 1999లో చెక్కపెట్టెలో ఒక చిన్న మేక బొమ్మ బయటపడింది, అంతే. అంటే విలువైనవి మూటగట్టుకుని ముందే పడవలెక్కేశారన్నమాట.

నన్ను పట్టేసినవి మాత్రం మంచాలు. మొదట భూకంపం వచ్చింది. జనం వెనక్కొచ్చి, రాళ్లు ఏరి కుప్పలు పోసి, పడిపోయిన గోడలు బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. మంచాలు తెచ్చి ఆరుబయట పెట్టుకున్నారు. ఇంతలో పైనుంచి బూడిద రాలడం మొదలైంది. మంచాలు అక్కడే ఉండిపోయాయి. కర్ర పుచ్చిపోయినా బూడిదలో మిగిలిన గుంటలో ప్లాస్టర్ పోసి వాటి ఆకారాన్ని తీశారు. ఆ ఇల్లాళ్లు ఎక్కడ తేలారో ఎవరికీ తెలియదు.

తర్వాత స్థిరపడ్డవాళ్లకీ వలస తప్పలేదు. ఏడేళ్లు వాన పడలేదని, ఇంటి అన్నదమ్ముల్లో చీటీ వేసి ఒకణ్ణి లిబియాకి పంపారని హెరోడోటస్ రాశాడు. వెళ్లినవాళ్లు అక్కడ నిలవలేక తిరిగొస్తే, సొంతవాళ్లే ఒడ్డున నిలబడి దిగనివ్వకుండా తరిమేశారట! చేసేది లేక మళ్లీ వెళ్లి, క్రీ.పూ. 630 ప్రాంతంలో సైరీన్ నగరం కట్టుకున్నారు. అది కాస్తా తల్లి దీవిని మించి కలవారి ఊరైంది.

ఇక మన అమ్మమ్మల కాలానికి వద్దాం. 1956 జులై 9 తెల్లవారుజామున పెద్ద భూకంపం వచ్చి 50 మందికి పైగా చనిపోయారు. చాలా కుటుంబాలు ఏథెన్స్ వైపు వెళ్లిపోయాయి. ఓయాలో కొండని తొలిచి కట్టుకున్న గుహ ఇళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. నావికుల, బీదవాళ్ల ఇళ్లు అవి. 1970ల నుంచి వాటిని బాగుచేయడం మొదలైంది. ఇప్పుడు ఒక్క రాత్రికి వాటి అద్దె చూస్తే గుండె గుభేలుమంటుంది. 2025 ఫిబ్రవరిలో రోజుల తరబడి భూమి కంపించినప్పుడు 11,000 మందికి పైగా మళ్లీ పడవలెక్కారు, విమానాలెక్కారు.

వెళ్లేవాళ్లు ఓయా సూర్యాస్తమయానికి తోసుకోవడంతో సరిపెట్టకుండా అక్రోతిరికి ఒక పూట కేటాయించండి. పైన కప్పు ఉంది, ఎండ బాధ లేదు. ఫవా అడిగి తినండి. అక్కడి పప్పుని మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయతో ఇస్తారు, అచ్చం మన ముద్దపప్పే. అక్రోతిరి తవ్వకాల్లో దొరికిన గింజల్లో ఆ పప్పు కూడా ఉంది. ఫిరా మ్యూజియంలో గోడబొమ్మలున్నాయి, నీలిరంగు కోతులు. తోక పైకెత్తిన తీరు చూసి అవి మన కొండముచ్చులే అంటున్నారు కొందరు పరిశోధకులు. పిల్లలకి చూపించి వాళ్లనే చెప్పమనండి.