గడ్డకట్టే చలిలో మరిగే ఇంజన్

1911 అక్టోబర్ 24న కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్ర కోసం తెచ్చిన మోటారు స్లెడ్జిలు రెండు అంటార్కిటికాలోని కేప్ ఎవాన్స్ నుంచి బయల్దేరాయి. ఉల్స్‌లీ కంపెనీ కట్టిన ఆ బండ్లకు గొలుసు పట్టాలు, గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజన్లు. మూడో బండి ఆ ఏడాది జనవరిలోనే, ఓడ నుంచి దించుతుండగా మంచు విరిగి సముద్రం పాలైంది. మిగిలిన రెండూ పది రోజులు తిరక్కముందే దారిలో ఆగిపోయాయి. వెంట ఉన్న నలుగురూ బరువు తామే లాక్కుంటూ ముందుకు నడిచారు. ఆ చలికి ఇంజన్లు బిగుసుకుపోయి ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. నిజానికి అవి వేడెక్కి పోయాయి. కొద్ది దూరం వెళ్లేసరికి సిలిండర్లు మండిపోయేవి. అవి చల్లారేదాకా ఆగితే ఈలోగా కార్బ్యురేటర్ చల్లబడిపోయి ఇంజన్ మళ్లీ అందుకోవడానికి మొరాయించేది. ఒకే ఇంజన్‌లో ఒక మూల నిప్పు, ఇంకో మూల మంచు. బండ్ల కూలింగ్ చరిత్రను సాధారణంగా గడ్డకట్టని ద్రవం కోసం సాగిన వెతుకులాటగా చెబుతారు. అది సగం కథే అని నేననుకుంటాను. తీవ్రమైన చలిలో కూలింగ్‌కి వచ్చే జబ్బు చాలావరకు వేడి పంపకంలో వచ్చే జబ్బు. వేడి ఎక్కడ పుడుతోంది, ఎటు పోతోంది, ఎక్కడ ఆగిపోయింది అని అడగడం నేర్చుకున్నాకే దాన్ని సరిగ్గా పట్టుకోగలిగారు.

ఫోర్డ్ మోడల్ టీనే తీసుకుందాం. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర బండ్లు తయారయ్యాయి. తొలి రెండున్నర వేలు పోను మిగతా వేటికీ వాటర్ పంపు లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి లేస్తాయి, రేడియేటర్‌లో చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, ఆ తేడాతోనే ప్రవాహం సాగుతుంది. మామూలు రోజుల్లో ఇది చక్కటి ఏర్పాటు, పాడవడానికి అందులో ఏమీ లేదు. కానీ ఇంజన్ కాస్త వేడెక్కేదాకా నీళ్లు కదలవు. ఆ కాసేపట్లో ఎదురుగాలి రేడియేటర్ అడుగున నిలిచిన నీళ్లని గడ్డకట్టిస్తుంది. అడుగు మూసుకుపోతే తిరిగొచ్చే దారి లేదు. బ్లాకులో ఉన్న నీళ్లు అక్కడే మరుగుతాయి. చుట్టూ మంచు కురుస్తుంటే బండి మూతలోంచి ఆవిరి చిమ్ముతుంది. ఈ దృశ్యం చూసిన కొత్త డ్రైవరు ఇంజన్ వేడెక్కిందనుకుని రేడియేటర్‌కి ఇంకాస్త గాలి తగలనిస్తాడు, రోగం ముదురుతుంది. అనుభవం ఉన్నవాడు అందుకు విరుద్ధంగా రేడియేటర్ ముందు అట్టముక్కో గోనెపట్టానో కట్టేవాడు. మరుగుతున్న ఇంజన్‌కి దుప్పటి కప్పడం వింతగానే కనిపిస్తుంది కానీ, ఆ ఇంజన్‌కి కావలసింది అదే. దుప్పటి వల్ల అడుగున మంచు కరుగుతుంది, నీళ్లు తిరుగుతాయి, మరుగు ఆగుతుంది.

రాత్రి నిలిపిన బండిది వేరే గండం. నీరు గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణంలో దాదాపు 9 శాతం పెరుగుతుంది, ఆ ఒత్తిడికి పోత ఇనుము బ్లాకు పగులుతుంది. అందుకే ఉత్తర దేశాల్లో సాయంత్రం నీళ్లు వదిలేసి, తెల్లారి వేడినీళ్లు పోయడం దినచర్య అయింది. ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. బ్లాకు పక్కన కనిపించే గుండ్రటి రేకు బిళ్లలను మంచు బిళ్లలంటారు, గడ్డకట్టినప్పుడు ఊడివచ్చి బ్లాకుని కాపాడతాయని చాలామంది నమ్మకం. అవి పోత పోసేటప్పుడు లోపల మిగిలిన ఇసుకని తీయడానికి పెట్టిన రంధ్రాలకు మూతలు మాత్రమే. అప్పుడప్పుడు అదృష్టవశాత్తు అవే ముందు ఊడుతాయి, అంతే. బిళ్ల ఊడింది కాబట్టి బ్లాకు భద్రమని తీర్పు చెప్పి, పగులు వెతక్కుండా వదిలేసిన మెకానిక్కు తర్వాత నూనెలో నీళ్లు చూడాల్సి వస్తుంది.

నీళ్లలో ఏదైనా కలిపితే సరిపోతుందని తొలినుంచీ ప్రయత్నించారు. ఉప్పు ద్రావణాలు లోహాన్ని తినేసేవి. గ్లిజరిన్ చిక్కన, ఖరీదు. చవకగా దొరికింది ఆల్కహాల్. మిథైల్ ఆల్కహాల్ 65 డిగ్రీలకే, ఇథైల్ ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి బండి వేడెక్కిన ప్రతిసారీ కొంత ఎగిరిపోయి, మిగిలిన నీళ్లు చలికి ఇంకాస్త లోకువయ్యేవి. సోమవారం కాపాడిన మిశ్రమం శనివారానికి కాపాడేది కాదు. ఆ రోజుల్లోనే రేడియేటర్ మూత మీద బాయిస్ మోటోమీటర్ అనే ఉష్ణమాపకం వచ్చింది. డ్రైవరు కూర్చున్నచోటి నుంచే దాని ఎర్ర గీతని చూడొచ్చు. అయితే అది కొలిచేది నీటి వేడిని కాదు, నీటిపైన ఉండే ఆవిరి వేడిని. అడుగున మంచుగడ్డ ఉందో లేదో దానికి తెలియదు, నీటి మట్టం పడిపోతే దాని మాటకి విలువే లేదు. ఒకచోట కొలిచి అన్నిచోట్లా అంతేననుకోవడం ఇక్కడ మొదలైంది. చూడబోతే అది ఇప్పటికీ పోలేదు.

ఇంతకీ 1927లో ఈ చిక్కు తీరలేదా అని అడగొచ్చు. ఆ ఏడాది నేషనల్ కార్బన్ కంపెనీ ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్‌ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త వుర్ట్స్ 1850ల్లోనే తయారుచేసిన ద్రవమది. సులువుగా ఆవిరవదు, సగం నీళ్లతో కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నిజంగానే గొప్ప మార్పు, దాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ అది జబ్బుని పోగొట్టలేదు, దాని లక్షణాలు మార్చింది. గ్లైకాల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని పూర్తిగా అదే పోసినవాడు నష్టపోయాడు, ఎందుకంటే ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 దరిదాపుల్లోనే గడ్డకడుతుంది. నీళ్లని ఆపిన కీళ్లు గ్లైకాల్‌ని ఆపలేక కారేవి. హెడ్ గ్యాస్కెట్ దాటి నూనెలో కలిస్తే జిగురుగా మారి ఇంజన్నే పట్టేసేది. పరీక్షించే పద్ధతి కూడా తికమక పెట్టింది. ఆల్కహాల్ నీటికన్నా తేలిక, గ్లైకాల్ బరువు. పాత ఆల్కహాల్ మీద కొత్త గ్లైకాల్ కలిపిన రేడియేటర్‌లో హైడ్రోమీటర్ ముంచితే, ఒకదాని తేలికదనాన్ని ఇంకోదాని బరువు చెరిపేసి, అది చెప్పే అంకె దేనికీ పనికిరాకుండా పోయేది.

నా దృష్టిలో గ్లైకాల్ చేసిన అసలు మేలు వేరే ఉంది: ఇంజన్‌ని ఎక్కువ వేడి మీద నడపడానికి అది అనుమతి ఇచ్చింది. ఆల్కహాల్ పోసినవాళ్లు అది మరిగిపోకుండా తక్కువ వేడికే తెరుచుకునే థర్మోస్టాట్ వాల్వు వాడక తప్పేది కాదు, అందువల్ల లోపల కూర్చున్నవాళ్లకు హీటరు గోరువెచ్చటి గాలే ఇచ్చేది. గ్లైకాల్ వచ్చాక 82 డిగ్రీల థర్మోస్టాట్ పెట్టగలిగారు. 1930ల్లో సెర్జియస్ వెర్నే మైనం గుళిక థర్మోస్టాట్‌ని కనిపెట్టాడు. మైనం కరిగి వ్యాకోచించి పుల్లని నెడితే దారి తెరుచుకుంటుంది. చలిదేశపు బండికి ఇది గుండె కవాటం లాంటిది. మన ఊళ్లలో బండి వేడెక్కుతోందంటే ఆ వాల్వుని పీకి పక్కన పడేసే మెకానిక్కులు కోకొల్లలు. మే నెల ఎండలో ఆ మొరటు వైద్యంతో కొన్నాళ్లు నెట్టుకురావొచ్చు, ఇంజన్ అరుగుదలని ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి. అదే బండి మిన్నెసోటాలోనో కాల్గరీలోనో జనవరిలో నడిస్తే ఎప్పటికీ వేడెక్కదు. కాలని పెట్రోలు నూనెలోకి దిగుతుంది, నూనె మడ్డి కడుతుంది, అద్దం మీది మంచు కరగదు. అక్కడ ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువాళ్లకు హీటరు నుంచి చల్లగాలి రావడమే కూలింగ్ జబ్బుకి మొదటి గుర్తు.

నీళ్లే లేని ఇంజన్ అయితే ఈ గొడవే ఉండదుగదా అనేది రెండో అభ్యంతరం, దీనికి ఆధారాలూ ఉన్నాయి. 1941-42 చలికాలంలో రెండో ప్రపంచ యుద్ధపు తూర్పు రంగంలో జర్మన్ సైన్యం వాడిన, గాలితో చల్లబడే క్యూబెల్‌వాగన్‌కి గడ్డకట్టే రేడియేటరే లేదు. టాట్రా 111 లారీ సైబీరియాలో పేరు తెచ్చుకుంది అందుకే. కానీ స్కాట్ స్లెడ్జిలూ గాలి ఇంజన్లవే. గాలి ఇంజన్ గడ్డకట్టే బాధని తప్పిస్తుంది కానీ, వేడిని సమంగా పంచే పని దానికీ తప్పదు. పైగా నీళ్లలో ఒక సౌకర్యం ఉంది: వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయించవచ్చు. తర్వాత వచ్చిన జర్మన్ ట్యాంకుల్లో, నడుస్తున్న ట్యాంకులోని వేడి కూలెంట్‌ని గొట్టాలతో పక్కనున్న చల్లటి ట్యాంకులోకి పంపే ఏర్పాటు చేశారు. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో విద్యుత్ సహకార సంస్థని నడిపిన ఆండ్రూ ఫ్రీమన్, సిలిండర్ హెడ్ బోల్టు స్థానంలో బిగించే కరెంటు హీటరుకి 1949లో పేటెంట్ పొందాడు. ఫెయిర్‌బ్యాంక్స్, విన్నిపెగ్‌లలో కార్ల ముందు నుంచి వేలాడే ప్లగ్గులకు అదే మూలం.

ఇప్పుడు సెన్సర్లున్నాయి, కంప్యూటరే చెబుతుంది అన్నది చివరి మాట. 1996 తర్వాతి అమెరికన్ బండ్లు పి 0128 అనే కోడ్ చూపుతాయి. ఇంజన్ అనుకున్న సమయానికి థర్మోస్టాట్ తెరుచుకునే వేడికి చేరలేదని దాని అర్థం. ఎందుకు చేరలేదో అది చెప్పదు. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. కూలెంట్ తగ్గి సెన్సర్ గాలిబుడగలో ఉండొచ్చు, అంటే మోటోమీటర్ పడ్డ గుంటలోనే వందేళ్ల తర్వాత మళ్లీ పడ్డట్టు. డ్యాష్‌బోర్డు ముల్లు చాలా బండ్లలో వేడి కాస్త అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడేలా తయారవుతుంది కాబట్టి దాన్ని నమ్మి లాభం లేదు. అందుకే చలిదేశపు మెకానిక్కు, బండి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు మొదట మూత తీసి మట్టం చూస్తాడు. మిశ్రమం చిక్కదనం తేలాలంటే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేస్తాడు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్‌కి వెళ్లే పై గొట్టం మీద చేయి వేస్తాడు. కాసేపు చల్లగానే ఉండి ఒక్కసారిగా వేడెక్కితే వాల్వు బాగున్నట్టు. మొదటి నిమిషం నుంచే మెల్లగా గోరువెచ్చనవుతుంటే అది తెరుచుకునే ఉందన్నమాట. పై గొట్టం కాలుతూ రేడియేటర్ అడుగు మాత్రం మంచులా తగిలితే, ఇంజన్ ఆపి, ముందు ఒక అట్టముక్క వెతుక్కుంటాడు.