పోలిగాడికి బదులు చెప్పిన జనం

తోలుబొమ్మలాటను గురించి తెలుగులో రాసినవాళ్ళు తక్కువేమీ కాదు. తోలు ఎట్లా పదును చేస్తారో, రంగు ఎట్లా అద్దుతారో, రావణుడి బొమ్మ ఎన్ని అడుగులుంటుందో మనకు చెప్పారు. కాని తెరకు ఇవతల నేలమీద కూర్చున్నవాళ్ళను గురించి రాసింది చాలా కొద్ది. వాళ్ళు ఎవరిని చూసి నవ్వారు, ఎవరిని తిట్టారు, ఎవరికి బదులు చెప్పారు? ఈ ప్రశ్నలు చరిత్రకారుడికి చిల్లరగా కనిపించవచ్చు. ప్రజాకళ చరిత్రకు ఇవే అసలు ప్రశ్నలని నా అభిప్రాయం.

నేనిక్కడ మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను దృష్టిలో వుంచుకొని మాట్లాడుతున్నాను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లానుంచి వచ్చి కలిసింది. పుంగనూరు జమీందారీ వూరు. కుప్పం మూడు భాషలు ఒకే సంతలో వినబడే సరిహద్దు. మూడుచోట్లా వాన చూసి బతికే చేలే, చెరువు నిండితేనే నిండే గాదెలే. ఈ వూళ్ళ చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళను కదిలించి, తోలుబొమ్మలాటలో మీకు బాగా జ్ఞాపకం వున్నదేమిటని నేను అడుగుతూ వచ్చాను. రామపట్టాభిషేకమని చెప్పినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. తక్కినవాళ్ళు ముందుగా నవ్వారు. నవ్విన తరువాత చెప్పిన పేర్లు మూడు: జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు.

ఈ నవ్వును కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. రాత్రంతా మేలుకొని రాముణ్ణి చూసిన మనిషి, కొన్ని దశాబ్దాల తరువాత పోలిగాణ్ణి తలుచుకుంటున్నాడంటే, ఆ ఆటలో అతనికి సొంతమైంది ఏదో చెబుతున్నాడన్నమాట.

పండుగరాత్రి ఆట మనకు కొత్తది కాదు. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో, శివరాత్రి జాగరానికి శ్రీశైలం చేరిన జనాన్నీ, వాళ్ళు చూసిన ఆటపాటలనూ వర్ణించాడు. వాటిలో బొమ్మలాట కూడా వుంది. అంటే ఏడువందల ఏళ్ళకు పైబడి ఈ ఆటకు జాగరంతో పొత్తు వున్నది. ఒక సంగతి గమనించండి. జాగరమంటే దేవుడికోసం మేలుకొని వుండటం. కాని మనిషిని తెల్లవార్లూ మేలుకొలిపి వుంచేది భక్తి ఒక్కటే కాదు, నవ్వు కూడా. బొమ్మలాటవాడికి ఈ రహస్యం మొదటినుంచీ తెలుసు.

ఆట జరిగే తీరు చూస్తే ఇది ఇంకా స్పష్టమౌతుంది. తెల్లటి గుడ్డ బిగించి కట్టి, లోపల ఆముదపు దీపాలు పెడతారు. పలుచగా గీసిన తోలుమీద రంగులు ఆ వెలుగులో మెరుస్తాయి. పాట రంగనాథ రామాయణంనుంచి, ద్విపదలో. మద్దెల, తాళాలు, కాలికింద టపటప కొట్టే చెక్కలు. మగవాడూ ఆడమనిషీ కలిసి తెరవెనక పాడతారు. సీతకు గొంతు ఇచ్చేది నిజంగా ఆడమనిషే. స్త్రీ పాత్రకు మగవాడు మీసం గొరిగించుకొని నిలబడ్డ కాలంలో కూడా ఈ పేద కుటుంబాల స్త్రీలు తమ గొంతు తామే వినిపించారు.

రాముడు పద్యం పాడి నిష్క్రమిస్తాడు. తరువాతి బొమ్మలు సిద్ధం కావాలి. కూర్చున్నవాళ్ళలో సగంమంది కునుకుతున్నారు. సరిగ్గా అప్పుడు పోలిగాడు ఎగురుకుంటూ వస్తాడు. రాముడి పక్కన నిలబెడితే చిన్న బొమ్మ. కాని నోరు పెద్దది. బంగారక్క అతని పెళ్ళాం. ఆమె మాటకు అతని దగ్గర జవాబుండదు. మధ్యలో కేతిగాడు దూరి ఇద్దరికీ తంటా తెస్తాడు. వీళ్ళు మాట్లాడేది ద్విపద కాదు. ఆ పల్లె భాష. ఆ వూరి మనిషి పేరు, ఆ ఏటి గింజల ధర, నిన్నటి తగాదా — అన్నీ వీళ్ళ నోట పడతాయి. తెరముందునుంచి ఎవడో ఒక మాట విసురుతాడు. పోలిగాడు దాన్ని అందుకొని రెండు మాటలు తిరిగి విసురుతాడు. ఆడవాళ్ళు బంగారక్క పక్షం చేరి కేకలు వేస్తారు. అంతసేపూ రామాయణం ఆగుతుంది. అది ఆగినందుకు ఎవరికీ చింత వుండదు.

రాముడికి ఎవరూ బదులు చెప్పరు, దండం పెడతారు. పోలిగాడికి ఎవరూ దండం పెట్టరు, బదులు చెబుతారు. ఒక్క తెరమీదనే ఈ రెండు సంబంధాలూ వున్నాయి. మొదటిది పురాణానికీ భక్తుడికీ మధ్య సంబంధం. రెండవది కళకూ ప్రజకూ మధ్య సంబంధం. పోలిగాడు కవి రాసిన పాత్ర కాదు. ఏ రామాయణంలోనూ లేడు. తరతరాలుగా ప్రేక్షకులు అన్న మాటలే పోగుపడి, ముద్దకట్టి, జుట్టు ముడి వేసుకొని తెరమీద నిలబడ్డాయి.

ఇది ఒక్క తెలుగువాళ్ళ ముచ్చట కాదు. కుప్పంలో నిలబడి అటూ ఇటూ చూస్తే చాలు. కన్నడ దేశంలో తొగలుగొంబెయాట ఆడేవాళ్ళకు కిళ్ళేక్యాతలని పేరు. కిళ్ళేక్యాత ఎవరు? ఆ ఆటలోని హాస్యగాడు. మన కేతిగాడికి దగ్గరి చుట్టం. రాముడి పేరు కాదు, హనుమంతుడి పేరు కాదు, హాస్యగాడి పేరే ఒక కులానికి పేరై కూర్చుంది. జనం ఆ కళాకారుణ్ణి ఎవరిగా గుర్తుపెట్టుకున్నారో చెప్పటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు. తమిళ దేశంలో తోల్‌పావైకూత్తుకు పోతే ఉచ్చికుడుంబన్ ఎదురవుతాడు. పేరుకు అర్థం నడినెత్తిన పిలకవున్నవాడని. జుట్టు పోలిగాడే! రాజ్యాల సరిహద్దులు మారాయి, భాషలు వేరు, కాని నేలమీద కూర్చున్న మనిషి మూడుచోట్లా ఒకే ప్రతినిధిని ఎన్నుకున్నాడు. మన బొమ్మలాట కుటుంబాల్లో చాలామంది ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడతారు. తెరవెనక తెలుగు పాడతారు. జాతి, భాష, ప్రాంతం అని మనం గీసుకునే గీతలను ఈ బీదకళ ఎప్పుడో దాటింది.

అయితే ప్రజాకళ అనగానే కళ్ళు మూసుకొని హారతి పట్టే అలవాటు మంచిది కాదు. పోలిగాడి ఎగతాళి ఎప్పుడూ పైకే పోలేదు. మోతుబరి ఆటకు ధాన్యం కొలిచేవాడు. గనక మోతుబరిని పోలిగాడు గిల్లగలడు గాని కొట్టలేడు. బలహీనుణ్ణి మాత్రం జంకు లేకుండా కొట్టాడు. కింది కులాలమీదా, ఆడవాళ్ళ శరీరాలమీదా వేసిన మోటు హాస్యం తక్కువ కాదు. విరాటపర్వం ఆడిస్తే వాన వస్తుందని కరువుసీమ నమ్మింది. ఆ నమ్మకం బొమ్మలాటవాడికి నాలుగు గింజలు పెట్టింది, నిజమే; కాని చెరువు పూడిక తియ్యని దొరను ఎవరూ నిలదియ్యకుండా కాపాడింది కూడా ఆ నమ్మకమే. 1948 చట్టంతో పుంగనూరు వంటి జమీందారీలు రద్దయినాయి. పాత పోషకుడు పోయినాడు. కొత్త పోషకుడు రాలేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఎన్ని కుటుంబాలు తెర మడిచి కూలికి పోయినాయో ఎవరూ లెక్క కట్టలేదు.

ఇక టెలివిజన్ సంగతి. రామానంద్ సాగర్ తీసిన ‘రామాయణ్’ దూరదర్శన్‌లో 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31 దాకా ఆదివారం ఉదయాల్లో సాగింది. భాష హిందీ. భాష తెలియని తెలుగు పల్లెల్లో కూడా టీవీ వున్న ఇంటిముందు జనం గుమిగూడారు. కథ వాళ్ళకు వచ్చు గదా! దేశంలో చాలాచోట్ల టీవీ పెట్టెకు బొట్టు పెట్టి దండలు వేశారు. తోలుబొమ్మలాట ప్రేక్షకుడికి ఇది కొంత తెలిసిన పనే. అతను కూడా రాముడికి దండం పెట్టినవాడే. తేడా ఏమిటంటే, ఈ కొత్త తెరమీద పోలిగాడు లేడు. దండం పెట్టటానికి చోటు వుంది, బదులు చెప్పటానికి లేదు.

అట్లా అని జనం వూరుకున్నారా? 1988లో ధారావాహిక పట్టాభిషేకంతో ముగియబోతుందని తెలిసినప్పుడు, జలంధరులో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె కట్టారు. వాళ్ళు వాల్మీకిని తమవాడుగా కొలిచేవాళ్ళు. వాల్మీకి ఆశ్రమంలో సీత, కుశలవులు పెరిగిన కథ కూడా చూపించాలని కోరారు. సమ్మె మరికొన్ని పట్టణాలకు పాకింది. చివరికి ఉత్తర రామాయణం తియ్యటానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఈ సంఘటనను చదువుకున్నవాళ్ళు చాలామంది వింతగా చెప్పుకొని నవ్వుకున్నారు. నాకు మాత్రం అందులో మన పల్లె ప్రేక్షకుడే కనిపిస్తాడు. తోలుతెరముందు కూర్చున్నవాడు ఒక కేక వేస్తే కథ పక్కకు తిరిగేది. గాజుతెర వినదు. దానికి బదులు చెప్పాలంటే వీధులు వూడవటం మానెయ్యవలసి వచ్చింది. కోరిక ఒక్కటే: ఈ కథలో మా మనిషి ఎక్కడ?

2020లో కోవిడ్ నిర్బంధం నాటికి అదే ధారావాహికను మార్చి 28నుంచి మళ్ళీ ప్రసారం చేశారు. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7 కోట్ల 70 లక్షలమంది చూశారని దూరదర్శన్ ప్రకటించుకుంది. ఆ లెక్క ఎంత సరైనదనే వాదం మన కెందుకు? చూసినవాళ్ళను లెక్కించే విద్య బాగా పెరిగింది, చూసినవాళ్ళు ఏమన్నారో వినే విద్య తరిగింది. నా బాధ అది.

టీవీనే నిందించి చేతులు దులుపుకోవటం న్యాయం కాదు. కళను కాపాడతామని ముందుకు వచ్చిన మనం చేసిందేమిటి? అదే 2020లో అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. సంతోషించవలసిన విషయం. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అదీ మంచిదే, ఆ తోలుతో దీపాల గొడుగులు చేసి అమ్ముకొని కొన్ని కుటుంబాలు బతుకుతున్నాయి. అయితే గొడుగుమీద నెమలి వుంటుంది, హనుమంతుడు వుంటాడు, పోలిగాడు ఉన్నా మాట్లాడడు. ఒక విద్యాసంస్థ ఉత్సవంలో నేను చూశాను: రాత్రంతా ఆడవలసిన ఆటకు ఇరవై నిమిషాలిచ్చి, “ఆ మోటు మాటలు వద్దు, లంకాదహనం చాలు” అని నిర్వాహకులు ముందే చెప్పారు. లంక చక్కగా తగలబడింది. కుర్చీలలో కూర్చున్నవాళ్ళు చక్కగా చప్పట్లు కొట్టారు. ఒక్కరు నోరు విప్పలేదు. మోటుతనం తీసేస్తున్నామనుకొని మధ్యతరగతి అభిరుచి తీసేసింది ప్రేక్షకుణ్ణే.

ప్రేక్షకుడు తనంతట చచ్చిపోలేదనటానికి మన ప్రాంతమే సాక్ష్యం. చిత్తూరు సీమ పల్లెల్లో భారతం ఉత్సవాలు ఈనాటికీ జరుగుతున్నాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కేనాడు పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఆ మాను చుట్టూ సాగిలపడతారు. చివరిరోజు పెద్ద మట్టి దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి వధ జరిపిస్తారు. అక్కడ వేషగాడికీ చూసేవాడికీ మధ్య గోడ లేదు. దాన్ని నడిపిస్తున్న నమ్మకాలన్నిటినీ మనం ఒప్పుకోనక్కర్లేదు. జనం తమకు పాత్ర వున్నచోటికి నేటికీ వస్తారన్న సత్యాన్ని మాత్రం ఒప్పుకోక తప్పదు.

గనక విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా సూచన చిన్నది. బొమ్మల్ని ప్రదర్శనశాలలో అద్దాలకింద పెట్టేవాళ్ళు పెట్టనీండి. మీరు మీ వూళ్ళో డెబ్భై దాటినవాళ్ళ దగ్గర కూర్చోండి. పోలిగాడు ఏమన్నాడని కాదు, మీరు పోలిగాడితో ఏమన్నారని అడగండి. వాళ్ళు చెప్పిన తిట్టు, నవ్వు, ఎదురుమాట వున్నవి వున్నట్లు రాసిపెట్టండి, మర్యాదకోసం దిద్దకండి. ఆటను మీ బడికి పిలిచినప్పుడు పిల్లల్ని నేలమీద, తెరకు దగ్గరగా కూర్చోబెట్టండి. మధ్యలో అరిస్తే ఆపకండి. పోలిగాడి నోట కులం ఎగతాళి వస్తే దానికి బదులు చెప్పవలసింది నిర్వాహకుడి కత్తెర కాదు, ఆ పిల్లల నోరు. బంగారక్క పక్షాన ఈసారి ఆడపిల్లలు ఏమంటారో వినండి. తిరిగి మాట్లాడే హక్కున్న ప్రేక్షకుడి ముందే ఆ హాస్యం తన పాత చెడుగును విడుచుకోగలదు.

తోలు మేక దగ్గర దొరుకుతుంది. రంగు అంగట్లో దొరుకుతుంది. బదులు చెప్పే జనాన్ని మాత్రం ఏ అకాడమీ తయారుచేసి ఇవ్వలేదు.