రాస్ రైఫిలు: పందెపు బయలునుండి కందకమునకు

బోయర్ యుద్ధము (1899–1902) జరుగుచున్న దినములలో కెనడా ప్రభుత్వమున కొక చిక్కు వచ్చిపడెను. బ్రిటనునుండి కావలసినన్ని లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్లు దొరకలేదు. వానిని స్వదేశమున తయారుచేసికొను ఏర్పాటును కుదరలేదు. ఆ సమయమున సర్ చార్లెస్ రాస్ అను స్కాట్లండు భూస్వామి తాను కల్పించిన రైఫిలును ముందునకు తెచ్చి, క్వెబెక్ నగరమున కర్మాగారము నెలకొల్పెదనని మాట ఇచ్చెను. 1902లో ఒడంబడిక కుదిరి, తొలుత 12,000 రైఫిళ్లకు ఉత్తరువు వెడలెను. తన ఆయుధము తన గడ్డమీదనే తయారు కావలెనని ఒక దేశము కోరుట తప్పు కాదు. కాని 1901 నాటి పరీక్షలలో బయటపడిన లోపములను చూచియు చూడనట్లు విడిచిపెట్టుట తప్పు.

ఈ రైఫిలు గురికి పెట్టినది పేరు. దీని గొట్టము ముప్పది అంగుళములకు పైబడిన పొడవు; నాటి పొట్టి లీ-ఎన్‌ఫీల్డు గొట్టము ఇరువదియైదు అంగుళములే. తూటా అమరు అరను మిక్కిలి బిగువుగా తొలిచిరి. ఇంగ్లండులోని బిస్లీ మైదానమున 1911లోను, 1913లోను రాజుగారి బహుమతి కెనడావారికే దక్కుటతో దీని కీర్తి మిన్నుముట్టెను. సైనిక వ్యవహారముల మంత్రి సామ్ హ్యూస్ దీనికి గట్టి పక్షపాతి.

అయితే పందెపుకాడు మెత్తని పచ్చికపై పండుకొని, ఏరుకొన్న తూటాలతో, గుండునకు గుండునకు నడుమ తీరికగా ఊపిరి బిగబట్టి కాల్చును. సైనికునికి ఆ భాగ్య మెక్కడిది? 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ కడ జర్మనులు విషవాయువు వదలిరి. కెనడా సైనికులు ఎదురునిలిచి త్వరత్వరగా కాల్పవలసి వచ్చెను. గొట్టములు వేడెక్కెను, బురద చొచ్చెను. బ్రిటనులో తయారైన తూటాలు ఆ బిగువైన అరలో ఇరుకుకొనెను. లీ-ఎన్‌ఫీల్డు బోల్టు పిడిని పైకి త్రిప్పునపుడు ఆ త్రిప్పుడే ఖాళీ తూటాను సడలించును. రాస్ బోల్టు నేరుగా వెనుకకు లాగునట్టిది కావున, ఆ సాయము దానికి లేదు. శుభ్రముగా నున్నప్పుడు అదియే దాని వేగమునకు మూలము. పైగా బోల్టు వెనుకకు వచ్చి తగులుకొను అడ్డుముక్క చిన్నది. పలుమారులు కొట్టుకొని బోల్టు పండ్లు నలిగి మరింత బిగుసుకొనెడివి. శత్రువు మీదికి వచ్చుచుండగా సైనికులు బూటుకాలితో తన్ని బోల్టును తెరచిరి. పలువురు ఆ రైఫిళ్లను పారవైచి, పడిపోయిన బ్రిటిషు సైనికుల లీ-ఎన్‌ఫీల్డులను తీసికొనిరి.

ఆ పోరాటముననే ఏప్రిల్ 26న మన లాహోర్ డివిజను కూడ రంగమునకు దిగినది. వారి చేతులలో నుండినవి లీ-ఎన్‌ఫీల్డులు. బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారమున దశాబ్దములపాటు తయారైనవియు ఆ జాతివే. వానికి బిస్లీ సొగసు లేకపోవచ్చును. తూటా అర కొంచెము వదులు. ఆ వదులే బురదలో ప్రాణరక్ష.

కెనడా సేనాధిపతి ఆల్డర్సన్ లోపములను తెలుపగా హ్యూస్ మండిపడెను. ఇట్టి పట్టుదలకు వెల చెల్లించువారు పట్టుపట్టినవారు కారు. మొదటి డివిజనుకు 1915 జూనులో లీ-ఎన్‌ఫీల్డులు వచ్చినవి. తక్కినవారు 1916 వరకు వేచియుండిరి. ఆ యేటి నవంబరులో హ్యూస్ పదవి పోయినది. 1917లో ప్రభుత్వము రాస్ కర్మాగారమును స్వాధీనము చేసికొనెను.

అంతటితో రాస్ రైఫిలు కందకమును విడువలేదు. పొంచియుండి ఒక్కొక్క గుండే కాల్చు గురికాండ్రు దానిని వదలుట కిష్టపడలేదు. వారు దానిని బిడ్డవలె తుడిచి, తూటాలను ఏరి, దూరదర్శిని బిగించి వాడుకొనిరి. ఓజిబ్వా తెగకు చెందిన ఫ్రాన్సిస్ పెగమగాబో అను సైనికుడు దీనితోనే 378 మందిని కూల్చెనని ప్రతీతి. మిలిటరీ మెడల్ అతనికి మూడు పర్యాయములు లభించినది.