వంతెన కింద వానకోవెల: గుర్తించడం ఇలా

వంతెనల అడుగున గుంపుగా అతుక్కుని ఉండే మట్టి గూళ్లు చాలా వరకు చారల గొంతు వానకోవెలవి. సుమారు 11 సెంటీమీటర్ల పొడవుండే ఈ చిరుపక్షి తెలుగు రాష్ట్రాలలోనూ నివసిస్తుంది. శాస్త్రీయ నామం పెట్రోకెలిడాన్ ఫ్లువికోలా. ఫ్లువికోలా అనగా నదీవాసి.

దీని నెత్తి ఇటుక రంగులో, వీపు మెరిసే నీలి రంగులో ఉంటాయి. తెల్లని గొంతు, రొమ్ములపై గల సన్నని గోధుమ చారలే ప్రధాన గుర్తు. తోక చీలిక స్వల్పం. నీటి వద్దనే సంచరించే తీగతోక వానకోవెలకూ నెత్తి ఎర్రగానే ఉంటుంది. అయితే దాని గొంతు, పొట్టపై చారలు లేని తెలుపు, తోకకు రెండు సన్నని తీగలు కనిపిస్తాయి.

నదులు, కాలువలు, చెరువుల పరిసరాలు దీని ఆవాసం. తడిమట్టిని ముక్కుతో ఉండలుగా తెచ్చి, గొట్టం వంటి ద్వారంతో గూడు నిర్మిస్తుంది. గాలిలో ఎగిరే పురుగులే ఆహారం.

ఈ జాతికి అంతరించే ముప్పు ప్రస్తుతం లేదు. కానీ గూళ్లన్నీ ఒకేచోట ఉన్నందున, మరమ్మతులు, సున్నం పనుల వేళ వాటిని రాల్చితే ఆ గుంపు పిల్లలన్నీ ఒక్కరోజులోనే నశిస్తాయి. పక్షుల రాకపోకలు నిలిచిన తరువాతే పనులు చేపట్టడం శ్రేయస్కరం.