'మూగ మనసులు': పునర్జన్మ, మిగిలిన దుఃఖం

ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో వెలువడిన 'మూగ మనసులు' చిత్రంలో జమీందారు కుమార్తె రాధ, పడవ నడిపే గోపి గోదావరిలో మునిగి మరణిస్తారు. మరుజన్మలో నవదంపతులై అదే నదిపైకి వస్తారు. ఈ పునరాగమనాన్ని కేవలం ప్రేమ విజయంగా చదవడం తొందరపాటు. మరణించేనాటికి రాధ వితంతువు. ఇదే గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో, కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఎనిమిది దశాబ్దాలు గడిచినా, ఆమెకు గోపితో సహజీవనాన్ని ఆ జన్మలోనే ఊహించలేక (అంతస్తుల అంతరం సరేసరి) కథ మరుజన్మను ఆశ్రయించింది.

మరణించినవారికి గతం మరపున పడింది. దానిని మోసినది గోపిని ప్రేమించి, ముదిమి వరకు మిగిలిన గౌరి. నవదంపతులకు వారి పూర్వకథను వినిపించేదీ ఆమే. ఆమె ఎదుట గోపి మళ్ళీ మరొకరి భర్తగానే నిలిచాడు.